పెట్టెలో దాచిన వెలుగు

పెళ్ళయిన మూడోనాడు గురువులు ఒక వేలెడు గాజుగొట్టం తెచ్చి పెళ్ళాం పారమ్మ చేతిలో పెట్టాడు. సూర్యుడిలో లాగా పరమాణువుల్ని కలిపి జిల్లాకంతా కరెంటిచ్చే సూర్యకొలిమికి ట్రిటియం అనే వాయువు ఇంధనం; దాన్ని తయారుచేసే చోట అతని పని. ఆ గొట్టంలోనూ కొద్దిగా ట్రిటియం ఉంది. నూనె, వత్తి లేకుండా అది పచ్చగా వెలిగేది.

"దీనెలుగులో నా మొకం సక్కగా కనబడతాది," అన్నాడు.

పారమ్మ దాన్ని పట్టుచీర మడతలో చుట్టి పెట్టెలో దాచింది. అతని షిఫ్టులన్నీ తీరి, ఇద్దరూ తీరిగ్గా కూర్చునే రోజులకని ఆమె ఆశ.

"తియ్యే. దాత్తే మిగల్దే అది," అని గురువులు ఏటా అనేవాడు.

"నీకు దాసుకోడం తెలిత్తే గదా," అని ఆమె కసిరేది.

ముప్పై ఆరేళ్ళ తర్వాత, రిటైరవడానికి నెల ముందు, గురువులు గుండె ఆగి పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడు పారమ్మ పెట్టె తెరిచింది. గొట్టంలో వెలుగు లేనట్టే ఉంది.

"పాడైపోనాదేటి నీలా?" అని, పలకరించడానికొచ్చిన నీలవేణిని అడిగింది. ఆమె గురువులుతో కలిసి పనిచేసిన మనిషి.

"పాడవనేదు వొదినా. ట్రిటియం పన్నెండేళ్ళకి సగమైపోద్ది, దాసినా అంతే. అందుకే గదా మేం కొలిమికి ఎప్పటికప్పుడు కొత్తది తీసి పోత్తన్నాం. అన్న సెప్పనేదా?"

"సెప్పినాడు. కరుసుపెట్టే మనిసి గదాని నాను ఇన్నేదు."

నీలవేణి వెళ్ళాక పారమ్మ తలుపులు, కిటికీలు మూసింది. గురువులు ఫోటోను ఒళ్ళో పెట్టుకుని గొట్టాన్ని దానికి ఆనించింది. ఒక కన్ను కనిపించింది. రెండో కంటి మీదికి జరిపితే, మొదటిది చీకట్లో కలిసిపోయింది.