దండెం మీది రంగులు

మూడో రోజు కూడా ఎదురు ఫ్లాటు లాజరు తన బాల్కనీ వైపే చూస్తుంటే శాంభవికి ఒళ్లు మండింది.

ఆటోనగర్‌లో లారీలకు రంగులు వేసి వేసి పని మానేసిన మనిషి. ఇప్పుడు ఇంట్లో కూర్చుని గుడ్డ మీద నిలువు చారలు గీస్తాడట. బొమ్మా లేదు, పువ్వూ లేదు. ఇదేం పిచ్చి అని పటమటలో ఆ అపార్ట్‌మెంటంతా నవ్వుకునేది.

శాంభవి రిటైరైన టీచరు, ఒంటరిది. తాను ఉన్నా పోయినా ఎవరికీ పట్టదన్నది ఆమె దిగులు. తీరా ఒకడు తనవైపు చూస్తే భయమేసింది.

వెళ్లి సెక్రటరీకి చెప్పింది. నిప్పు లేనిదే పొగ రాదంటూ ఆయన లాజరును పిలిపించి నాలుగు మాటలన్నాడు. లాజరు నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేశాడు.

మర్నాడు వాచ్‌మన్ నాగబాబు పాత దుప్పటిలో చుట్టిన పటమొకటి తెచ్చాడు.

"లాజరు గారు మీకిమ్మన్నారమ్మా."

అన్నీ చారలే. విసుగ్గా గోడకు ఆనించింది.

సాయంత్రం కాఫీ తాగుతూ మళ్లీ చూసింది. నేరేడు రంగు, బూడిద రంగు, ఆకుపచ్చ... ప్రతి ఏడో చారా పసుపు.

కాఫీ చల్లారిపోయింది.

ఏ రోజు ఏ చీర కట్టాలన్నది బడి రోజుల నుంచీ ఆమెకు పద్ధతి. శుక్రవారం పూజకు పసుపు చీర, మర్నాడు ఉతికి బాల్కనీ దండెం మీద ఆరేసేది అదే. ఆ పక్కన నేరేడు రంగు మంగళగిరి చీర, దాని పక్కన బూడిద రంగు నేత చీర. రోజుకో చార. ఆర్నెల్ల తన బతుకంతా వరసగా ఉంది.

నడుమ తొమ్మిది చారల మేర రంగే లేదు. ఉత్త తెల్ల గుడ్డ.

మొన్న కార్తీకంలో బాత్‌రూములో జారిపడి, తలకు దెబ్బ తగిలి, ఆమె ఆసుపత్రిలో ఉన్నది తొమ్మిది రోజులు. ఆ మధ్యాహ్నం నాగబాబు తలుపు పగలగొట్టకపోతే ఆ రోజే పోయేది.

కళ్లు తుడుచుకుని కిందికి దిగింది. లాజరు ఎక్కడికి వెళ్లాడో నాగబాబుకు తెలియదు. అతని దగ్గరున్న ఫోను నంబరు పనిచేయడం లేదు.

"నాగబాబూ, ఆ రోజు నేను పడిపోయానని నీకెలా తెలిసింది?"

అతను తల దించుకున్నాడు.

"నాకేం తెలుసమ్మా. పన్నెండైనా టీచరు గారి దండెం మీద చీర పడలేదు, వెళ్లి చూడమని నన్ను పంపింది లాజరు గారేనండి. ఆడమనిషి ఇంటివైపు చూశానంటే తప్పుగా అనుకుంటారు, నా పేరు చెప్పొద్దన్నారు."