ఉద్వాసనకు ముందు

"జీడిపప్పులన్నీ ఏరేశానే తల్లీ, ఇక భయం లేదు, తిను," అంటూ పుణ్యవతి ప్రసాదం దొన్నె మనవరాలి ముందుకు చాపింది.

కొత్తగూడలో చిన్నకొడుకు కొన్న ఫ్లాటు. సత్యనారాయణ వ్రతంలో కథ, హారతి అయ్యాయి. హాలు నిండా చుట్టాలు.

పెద్దకోడలు ఉమాశ్రీ కూతురి పక్కకు జరిగింది. కిందటేడు ఇలాగే ఏరేసిన పాయసం తాగి, పిల్ల ఊపిరాడక రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. అయినా అత్తగారి మాట కాదనలేక, ఎప్పటిలాగే చేతిసంచి జిప్పు తెరిచి కూతురి చెవిలో అంది.

"కళ్లకద్దుకుని ఇందులో పడెయ్."

పదేళ్ల రసజ్ఞ చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఏరినా నాకు పడదు నానమ్మా. అవి వేగిన నెయ్యే కదా అంతా."

"పాయసం వేరు, ఇది ప్రసాదం. దేవుడు హాని చేస్తాడటే?"

"నేను దేవుణ్ణి అనట్లేదు. జీడిపప్పును అంటున్నాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. రసజ్ఞ ఏ శుభకార్యానికైనా వెంట తెచ్చుకునే తన స్టీలు డబ్బాను పురోహితుడి ముందు పెట్టింది.

"అమ్మ చేసిన రవ్వకేసరి. జీడిపప్పు వెయ్యలేదు. దీన్నీ నైవేద్యం పెట్టండి. నేనూ ప్రసాదం తింటాను."

"నైవేద్యం అయిపోయిందమ్మా," అన్నాడాయన.

"ఇప్పుడు పేచీలేమిటే?" పుణ్యవతి దొన్నెను మళ్లీ ముందుకు తోసింది.

ఉమాశ్రీ ఆ చేతికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఉద్వాసన ఇంకా చెప్పలేదు కదండీ పంతులుగారూ. స్వామి ఇక్కడే ఉన్నాడు. పెట్టండి."

ఆయన డబ్బా మూత తీశాడు.

ఉమాశ్రీ చేతిసంచి జిప్పు మూసేసింది.