వెంకటప్పయ్య వాకిట్లో పాదం

వెంకటప్పయ్య మనవరాలు తిరువూరులో సైన్సు టీచరు. మా ముసలాళ్లిద్దరికీ శిలాజాల సంగతి చెప్పింది.

"ఎముక మెల్లగా రాయిగా మారితే ఒక రకం, తాతయ్యా. ఆకు కుళ్లిపోయి దాని అచ్చు రాతిలో మిగిలితే ఇంకో రకం. బురదలో పడ్డ అడుగు గట్టిపడినా శిలాజమే."

"అయితే మా వాకిట్లోనూ ఒకటుంది!" అని వెంకటప్పయ్య సిమెంటులో దిగిన పాదం చూపించాడు. "చెల్లెమ్మ మజ్జిగ తెచ్చి పచ్చి సిమెంటు తొక్కేసింది. పోనీలే అని ఉంచేశా."

నేను దాని మీద దుమ్ము తుడవబోయాను.

"నీకెందుకురా? రోజూ నేనే కడుగుతాగా!"

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆ పాదం చనిపోయిన నా భార్యది. మా వరండానూ అలాగే తొక్కింది. ఆమెను తిట్టి, మేస్త్రీ చేత నున్నగా చెరిపించింది నేనే.