పట్టాల మీద రామలింగం

రైల్ రోకో అయిపోయింది. జనగామ స్టేషన్లో పొద్దున్నుంచి పట్టాల మీద కూర్చున్న వాళ్లంతా లేచి దుమ్ము దులుపుకుని జెండాలు చుట్టేశారు. కిరాణా రామలింగం మాత్రం ఇంజను ముందు నుంచి లేవలేదు.

"అన్నా, లెవ్వు. సాయంత్రం దాకనే మన పిలుపు. అయిపాయె," అన్నాడు జేఏసీ జగపతి.

"తెలంగాణ వచ్చిందా?"

"రాలే."

"మరి నేనెట్ల లేస్త?"

జగపతి ఆ మనిషిని ఎగాదిగా చూశాడు. మొన్నటి దాకా బంద్ అంటే షటర్ సగం దించి, కింది నుంచి పప్పూ ఉప్పూ అమ్మిన మనిషి! ఉద్యమం ఈ మనిషినే ఇంతగా మార్చిందంటే తెలంగాణ రాకుండా ఎట్లా ఉంటుంది అనుకుని, తన మెడలో దండ తీసి రామలింగం మెడలో వేశాడు.

అసలు సంగతి ప్లాట్‌ఫారం బెంచీ మీద ఉంది. అక్కడ రామలింగం భార్య అనసూయ, కూతురు భవ్య చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. మొగుడూ పెళ్లాం విడిపోయి ఏడాది దాటింది. ఆమె స్టేషన్ ఘన్‌పూర్‌లో పుట్టింట్లో, ఈయన జనగామలో. కోర్టువారు ఆదివారాన్ని తండ్రికీ, మిగతా వారమంతా తల్లికీ పంచారు. అనసూయ పొద్దున బిడ్డను స్టేషన్లో అప్పజెప్పాలి, రామలింగం సాయంత్రం బండి వేళకు అక్కడే తిరిగి అప్పజెప్పాలి. ఈ ఆదివారం రోకో మొదలు కాకముందే బండి దిగిన అనసూయ, సాయంత్రం దాకా స్టేషన్లోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం బండి కదిలే వేళయింది. తెలంగాణ కోసం సాగుతున్న సమ్మె రేపటి నుంచి ఇంకా గట్టిగా ఉంటుందంటున్నారు. బస్సులు ఇప్పటికే డిపోలు దాటడం లేదు. ఇప్పుడు పోయిన బిడ్డ వచ్చే ఆదివారం వస్తుందో రాదోనని రామలింగానికి గుండెలో గుబులు. బండి కదలకపోతే బిడ్డ కదలదు. అందుకే బిడ్డను తల్లికి అప్పజెప్పి వచ్చి, పట్టాల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

ఆ ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఏం చెప్పుకున్నా భవ్య నోటి నుంచే పోవాలి.

"భవ్యా, మీ బాపును లెవ్వుమను. రోకో అయిపాయెనట."

"బాపూ, అమ్మ లెవ్వుమంటున్నది."

"రాష్ట్రం కోసం కూసున్న అని చెప్పు. ఇంట్ల నాయినమ్మ సర్వపిండి చేస్తున్నదని గూడ చెప్పు."

"అమ్మా, బాపు రాష్ట్రం కోసం కూసున్నడట. నాయినమ్మ సర్వపిండి చేస్తున్నదట."

"రాష్ట్రం కోసమో ఎవరి కోసమో నాకెర్క లేదా? పోయిన బంద్‌కు దుకాణం తెరిచి ఊరందరితోని తిట్లు తిన్నడు. గప్పుడు యాడికి పోయింది గీ రాష్ట్రం? అడుగు!"

"గింత పెద్దది నాకు యాదికుండది. మీరే చెప్పుకోరాదు!" అంది భవ్య.

పెద్దవాళ్లిద్దరూ వినబడనట్టు చెరో దిక్కు చూశారు.

ఇంతలో ఈ వింత చూడటానికి ఇంటిదారి పట్టిన జనమంతా వెనక్కి వచ్చి రామలింగం చుట్టూ మూగారు. కానిస్టేబుల్ పోచయ్య వాళ్లను తోసుకుంటూ వచ్చాడు.

"సేటూ, జర లెవ్వు. నేను గూడ తెలంగాణోన్నే. నువ్వు లేస్తెనే నేను ఇంటికి పోత."

"లాఠీతోని కొట్టు, లేస్తనేమో చూడు."

"కొడ్తె రేపు నాకు ఉద్దెర ఎవరిస్తరు?"

జనం గొల్లున నవ్వారు. ఎవరో "రామలింగన్న నాయకత్వం వర్ధిల్లాలి" అన్నారు. మిగతావాళ్లు అందుకున్నారు. రామలింగానికి లోపల సిగ్గేసింది. అయినా లేవలేదు. ఆ గోలలో అవతలి ప్లాట్‌ఫారం మీది బండి ఒకటి కూతేసి వెళ్లిపోయినా ఎవరూ పట్టించుకోలేదు.

చివరికి స్టేషన్ మాస్టరే చెమటలు తుడుచుకుంటూ దిగి వచ్చాడు.

"ఏం సేటూ, ఈ బండి మీద నీకేం పగ?"

"పగ గాదు సార్. ఘన్‌పూర్ బండిని ఇయ్యాల కదలనియ్య!" నోరు జారాడు రామలింగం.

"ఇది ఘన్‌పూర్‌ల ఆగనే ఆగదయ్యా! ఎక్స్‌ప్రెస్. రోకోకు ఈడ చిక్కింది. ఘన్‌పూర్ ప్యాసింజర్ గిప్పుడే అవతలి దిక్కు నుంచి పాయె గద!"

సరుకంతా లారీల మీద తెప్పించుకుని, వారం వారం బిడ్డను అప్పజెప్పగానే దుకాణానికి తిరిగిపోయే రామలింగానికి ఏ బండి ఎక్కడ ఆగుతుందో ఏం తెలుసు? స్ప్రింగులాగా లేచాడు. మెడలో దండ పట్టాల మీద పడింది. జనాన్ని తోసుకుంటూ ప్లాట్‌ఫారం ఎక్కాడు. బిడ్డ వెళ్లిపోయింది, పోతూ పోతూ చెయ్యి ఊపిందో లేదో కూడా చూడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

బెంచీ మీద అనసూయ, భవ్య అట్లాగే కూర్చుని ఉన్నారు.

రామలింగం పరుగు ఆపి అక్కడే నిలబడ్డాడు. అనసూయ మొహం పక్కకు తిప్పుకుంది.

"భవ్యా, మీ బాపుకు చెప్పు. ఆయన లేస్తడు, గీ బండి ఎక్కుదమని చూసుకుంట కూసున్న. మన బండి అవతల ఉన్నదని నాకేమెర్క? ఇగ ఇయ్యాల బండి లేదు, బస్సు లేదు. ఏం చేస్తం, మీ నాయినమ్మ ఇంట్లనే పండుడు."

భవ్య వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"బాపూ, అమ్మ నీకు గట్ల చెప్పుమన్నది. కని మన బండి అవతల పోతున్నదని నేను మొత్తుకుంటె, అమ్మనే నా నోరు మూసింది."