పోపు వేయని పప్పు

పాపను లోపలికి తీసుకుపోయి తలుపు వేశారు.

ఎబినేజర్ బెంచీ మీద కూర్చున్నాడు. లేచాడు. కిటికీ దాకా పోయి కింద ఆటోలను చూసి, ఏమీ చూడకుండానే తిరిగొచ్చాడు.

"జర ఒక్కతాన కూసోరాదుర," అంది తల్లి సంతోషమ్మ. "నువ్వు తిరిగితే ఆపరేషన్ జల్ది అయితదా?"

"నువ్వు కూసున్నవ్ గదమ్మా. అయిందా?"

మందమర్రిలో బొగ్గుబాయి పని అతనిది. చీకటంటే అతనికి డ్యూటీ. డ్యూటీ దిగితే వెలుతురు. కానీ ఈ పిల్లకు పుట్టుకతోనే చీకటి. గిలక్కాయ మోగిస్తే తల తిప్పుతుంది. మోగించకుండా చూపిస్తే తిప్పదు. నల్లగుడ్ల నడుమ పాలచుక్కల్లా తెల్లటి మచ్చలు. కరీంనగర్ కంటి ఆసుపత్రికి తెస్తే మోతిబిందు, అంటే కంట్లో శుక్లం, అన్నారు.

"ముసలిదాన్ని, నాకే లేదు. చంటిపిల్లకు మోతిబిందేంది?" అని సంతోషమ్మ డాక్టరమ్మతో పంచాయితీకే దిగింది.

డాక్టరమ్మ ఆమెను వదిలేసి కోడలు మహిమ వైపు తిరిగింది.

"మూడో నెల లోపల నీకు ఒంటి మీద సన్నగా ఎర్ర దద్దుర్లు, కొంచెం జ్వరం వచ్చాయా?"

వచ్చాయి. ఎండలకు చెమటకాయలు పేలాయనుకుంది. నాలుగు రోజులు కూడా లేవు.

"రుబెల్లా అంటారు. తల్లికి అది లెక్కలోకి రాని జబ్బు. కానీ అప్పుడు కడుపులో బిడ్డకు కన్ను తయారవుతుంటుంది. వైరస్ అక్కడికి పోతే కంటిలోపలి బిళ్ల మబ్బు పడుతుంది. అంతకుముందు అలాంటి జ్వరమున్న పిల్లల దగ్గరికేమైనా వెళ్లావా?"

మహిమ కాసేపు ఆలోచించి చెప్పింది. అది విన్నప్పటి నుంచి ఎబినేజర్‌కు కాలు నిలవడం లేదు.

వెళ్లింది. తాముండే బొగ్గుబాయి కాలనీలోనే, వెనక వరుసలో ఉన్న శ్యామల క్వార్టర్‌కు. మహిమ కరీంనగర్‌లో మిషన్ హాస్టల్లో పెరిగిన పిల్ల. నా అనేవాళ్లు లేరు. పెళ్లయి మందమర్రికి వచ్చాక నల్లా దగ్గర మొదట పలకరించింది శ్యామలే. నెల తప్పిన సంగతి అత్తకంటే ముందు చెప్పుకున్నది కూడా శ్యామలకే.

"మల్లొకసారి చెప్పు," అన్నాడు ఎబినేజర్. "ఎందుకు పోయినవ్ వాళ్లింటికి?"

"ఎన్నిసార్లు అడుగుతవయ్యా? వాళ్లమ్మ వచ్చిందని ఫోన్ చేసింది. పోకుంటే ఏమనుకుంటదని, పండ్లు పట్టుకొని పోయిన. ఎప్పటిలెక్కనే పెరటి తలుపు నుంచి."

"పోతే ఏమన్నది?" సంతోషమ్మ ముందుకు జరిగింది.

"గడపల నిలబడ్డది. 'అమ్మను చూద్దామని వచ్చినక్కా' అన్న. 'నువ్వు గూడనా?' అన్నది. కండ్లల్ల నీళ్లు తీసుకున్నది."

"నువ్వు గూడనా అంట! కిరస్తానీ పిల్ల ఇంట్లకొస్తే ఏడుపొచ్చింది దొరసానికి."

"లోపటికి రమ్మనే అన్నదత్తమ్మా. 'అమ్మ ఏది' అంటే, 'లోపట బిడ్డ తాననే ఉన్నది' అన్నది. పోతే చీకటి. కిటికీకి చీర కట్టింది. చిన్నది ఒక్కతే పండుకున్నది. పక్కన కూసోని నెత్తి నిమిరిన, ఒళ్లు ఎచ్చగ ఉండె. పెద్దామె వాకిట్లకు పోయిందేమో అనుకున్న."

"తిండి పెట్టిందా?"

"పప్పన్నం. చల్లటి పప్పు. పోపు గూడ వెయ్యలే."

"మనం తినేదానికి పోపు దండుగ అనుకున్నది."

మహిమ తల దించుకుంది. ఆ పప్పు తన గొంతులోనూ ఇంకా దిగలేదు. శ్యామల కొంచెం దూరంగా నిలబడి వడ్డించింది. పోతుంటే పట్టుకుని ఆపలేదు, మళ్లీ రమ్మనలేదు. ఆ తర్వాత మహిమే అటు పోవడం తగ్గించింది.

"ఇయ్యాల పాపను చూడ వస్తున్నదట గద," అన్నాడు ఎబినేజర్. "రానీ. మొకం మీదనే అడుగుత. గాళ్లింటికీ మనింటికీ ఇయ్యాల్టితోని కతం. మల్ల ఆమెతోని మాట్లాడితే నువ్వు గూడ గాళ్లింట్లనే ఉండు."

"ఆపరేషన్ అయ్యేదాక ఆగయ్యా. నీకు దండం పెడుత."

అతను ఆగలేదు. ఎందుకంటే మెట్ల మీద శ్యామల అప్పుడే కనిపించింది. చేతిలో టిఫిన్ డబ్బా. బస్సులో నిలబడి వచ్చినట్టు చీరంతా నలిగి ఉంది.

"చెల్లే, పాప ఎట్ల..."

"ఆన్నే ఆగు," అన్నాడు ఎబినేజర్. "అప్పుడు నీ బిడ్డకు జరమొచ్చిందా, రాలేదా?"

శ్యామల బిత్తరపోయింది. "వచ్చిందన్నా."

"ఒళ్లంత దద్దులా?"

"ఔ."

"ఇది కడుపుతోని ఉన్నదని నీకెర్కనా?"

"ఎర్కే. అందరికన్న ముందు నాకే చెప్పింది."

"ఎర్కుండి, మీ అమ్మొచ్చిందని ఫోన్ జేస్తివి! ఇది పండ్లు పట్టుకొని ఉరికింది. గా దద్దులు దీనికి అంటుకొని, నా బిడ్డ కండ్లు పోయినయ్!"

వరండా అంతా ఇటు తిరిగింది. నర్సు తలుపు సందులోంచి పెదవుల మీద వేలు పెట్టి చూపించి మళ్లీ తలుపు మూసుకుంది.

"మా అమ్మనా?" అంది శ్యామల.

ఎబినేజర్‌ను కాదు, మహిమను అడిగింది. మహిమ ముఖంలోకి చూసింది. చూస్తూ చూస్తూనే డబ్బా నేల మీద పెట్టి, తనూ అక్కడే కూలబడింది.

"నన్ను గన్న అవ్వ నా పెండ్లికి ముందే సచ్చిపాయె మహిమా. అమ్మోరు పోసిన ఇంట్ల పోపు వెయ్యొద్దు, వచ్చినోళ్లను పొమ్మనొద్దు. అందుకనే 'ఇంట్ల అమ్మ వచ్చింది' అని ముందే ఫోన్ జేసి చెప్పింది నువ్వు రావద్దనే."