మళ్ళీ చెప్పమ్మా

పరీక్ష ఇంకో గంటలో మొదలవుతుందనగా, రాసిపెట్టే పిల్లకు జ్వరమని కబురొచ్చింది.

ఇంగ్లీషు మాస్టారికి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఆయన పదో తరగతిలో చూపు లేని అమ్మాయి ఒకతె ఉంది. ఆమె నోటితో చెబితే పక్కన ఒకరు కూర్చుని కాగితం మీద పెట్టాలి. ఇంగ్లీషులో అరవై మార్కులొస్తేనే టీచరు ట్రైనింగులో సీటు. తక్కిన వాటిలో ఢోకా లేదు. భయమంతా ఇంగ్లీషుతోనే, అందులోనూ ఆ నాటకంతోనే.

పాతకాలపు రాజుగారింటి గొడవ ఆ నాటకం. ఏడాది పొడుగునా సాయంత్రాలు కూర్చోబెట్టి మాస్టారే చదివి వినిపించాడు.

"కోటకు ముప్పుందని అన్న ఉత్తరం రాస్తాడు. తల్లి దాన్ని దాచేస్తుంది. ఆ సంగతి మనకు తెలుసు, తమ్ముడికి తెలియదు. తెలియక అన్నను ద్రోహి అనుకుని వెళ్ళగొడతాడు. దీన్నే ఐరనీ అంటారు."

"ఆ తల్లి నోరు విప్పితే సరిపోయేది కదా సార్."

"విప్పితే నాటకం రెండో అంకంలోనే అయిపోతుంది. సరే గాని, సాలిలక్వీకీ ఎసైడ్‌కీ తేడా చెప్పు."

ఆ రెండూ ఆమెకు ఎప్పుడూ తారుమారే. కాసేపు తడుముకుంది.

"మా అమ్మ వంటింట్లో ఒక్కతే మాట్లాడుకునేది సాలిలక్వీ. నాన్న ఎదురుగా ఉన్నా ఆయనకు వినపడకుండా గొణిగేది ఎసైడ్."

"ఈ మాట మీ ఇంట్లో అనకు తల్లీ. రేపటి నుంచి నిన్ను బడికి పంపరు."

అంత కష్టపడ్డాక ఇప్పుడీ జ్వరం.

బడి గుమాస్తా ఎక్కడి నుంచో ఒక పెద్దాయనను వెంటబెట్టుకొచ్చాడు. గొంతు దాకా గుండీలు పెట్టుకున్న వెలిసిన చొక్కా, జేబులో రెండు పెన్నులు.

"ఏం చదివారు?" అన్నాడు మాస్టారు. రాసేవాడికి ఆ తరగతికన్నా తక్కువ చదువుండాలని నిబంధన.

"ఏడండి."

"ఇంగ్లీషు రాయగలరా?"

"కష్టమైన మాటలకు అక్షరాలు చెబితే పెడతానండి."

మాస్టారు గుమాస్తాను పక్కకు లాగాడు. "ఎక్కడ దొరికాడయ్యా ఈయన?"

"వస్తానన్నదే గొప్ప సార్. తర్వాత మాట్లాడదాం," అని గుమాస్తా ప్రశ్నపత్రాల కట్టల కోసం పరుగెత్తాడు.

ఆ అమ్మాయికి విడిగా ఒక గది ఇచ్చారు. పాఠం చెప్పిన మాస్టారు లోపలికి పోకూడదు. వరండాలో కిటికీకి కాస్త ఎడంగా నిలబడ్డాడు. అమ్మాయి మాట గుసగుసే, బయటికి రాదు. పెద్దాయన గొంతు మాత్రం ఖంగున వినిపించింది.

"మళ్ళీ చెప్పమ్మా."

అయిదు నిమిషాలు గడిచాయి.

"మళ్ళీ చెప్పమ్మా."

అరగంటలో ఏడుసార్లు. మాస్టారు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఎనిమిదోసారికి ఆగలేకపోయాడు. వేరే బడి నుంచి వచ్చిన పరీక్షాధికారి దగ్గరికి వెళ్ళాడు.

"ఆయనకు చెవుడు సార్. పిల్ల చెప్పిందే చెప్పలేక చస్తోంది. టైము పోతోంది."

"మార్చమంటారా?"

"మార్చండి. దాని బతుకంతా ఈ పేపరు మీదే ఉంది."

డ్రిల్లు మాస్టారి కూతురు తొమ్మిదో తరగతి. ముత్యాల్లాంటి రాత. ఆ పిల్లను పిలిపించారు.

మార్చే సంగతి చెప్పగానే చూపులేని అమ్మాయి ఏదో అనబోయి ఆగిపోయింది.

పెద్దాయన బయటికొచ్చి మాస్టారి ముందు నిలబడ్డాడు.

"నాటకం ప్రశ్నలు ఇంకా మొదలవలేదు బాబూ. అవి అయ్యేదాకా ఉండనివ్వండి."

"చెవులు వినపడనప్పుడు ముందే చెప్పాలి పెద్దాయనా. ఇది పిల్లల జీవితాలతో ఆట కాదు."

పెద్దాయన పెన్నుకు మూత పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఫలితాలొచ్చాయి. యాభై ఏడు.

మాస్టారు జవాబు పత్రం నకలు తెప్పించాడు. మొదటి మూడు పేజీల్లో గుండ్రటి, వంకర అక్షరాలు. వాటిలో ఒక్క తప్పూ లేదు. నాలుగో పేజీ నుంచి ముత్యాలు. నాటకం అక్కడే మొదలైంది. సాలిలక్వీ ఉండాల్సిన చోట ఎసైడ్, ఎసైడ్ ఉండాల్సిన చోట సాలిలక్వీ. అన్న చేసిన పనులు తమ్ముడికి, తమ్ముడు చేసినవి అన్నకు అంటగట్టి ఉన్నాయి.

చదివి వినిపిస్తే అమ్మాయి తల వంచుకుని విన్నది.

"ఆ పెద్దాయన మళ్ళీ చెప్పమన్నది నేను తప్పు చెప్పిన చోటే సార్. సరిగ్గా చెప్పినప్పుడు ఒక్కసారీ అడగలేదు. మూడోసారికి నాకు అర్థమైంది."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"అందరి ముందూ ఏమని చెప్పను? ఆయన్ని పట్టుకునేవాళ్ళు. నా పేపరు కొట్టేసేవాళ్ళు."

తల ఎత్తి మళ్ళీ అంది.

"మార్చే ముందు నన్నొక్క మాట అడగాల్సింది సార్. ఆయనే ఉండనీ అనేదాన్ని."

మూడు మార్కుల కోసం ఎవరి కాళ్ళయినా పట్టుకోవడానికి మాస్టారు సిద్ధమే. కానీ ఏమని రాయాలి అర్జీలో? జరిగింది రాస్తే ఉన్న యాభై ఏడూ పోతాయి. కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. చివరికి దాన్ని మడిచి జేబులో పెట్టుకుని గుమాస్తా దగ్గరికి వెళ్ళాడు.

"ఆ రోజు నువ్వు తెచ్చిన పెద్దాయన ఎవరయ్యా? ఏడు చదివినవాడికి పదో తరగతి నాటకం ఎలా తెలుసు?"

గుమాస్తా ఆయన ముఖం వంక వింతగా చూశాడు.

"మీరు ఈ బడికి రాకముందు మాట సార్. ఇప్పుడు మీరు పాఠం చెప్పే గది గుమ్మం పక్కనే ముప్పై ఏళ్ళు స్టూలేసుకుని కూర్చుని, ఏటా ఆ నాటకం మొదలవగానే స్టూలు కిటికీ దగ్గరికి జరుపుకున్న మన ప్యూను ఆయన."