దాసు పక్కన కూర్చున్న మనిషి

ఇలా దగ్గరకు జరగండి. ఆ గుమ్మం దగ్గర కూర్చుంటే సగం మాటలు గాలికి పోతాయి. అప్పలనరసమ్మ తమ్ముడు దాసును పోలీసులు పట్టుకెళ్లిన సంగతి ఇది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది. చెరకు ఆడే రోజులు.

దాసుకు ముప్పై ఏళ్లు. ఒళ్లు చూస్తే కోడెదూడ, బుద్ధి చూస్తే అయిదేళ్ల పిల్లవాడు. ఎవరు గట్టిగా ఏమడిగినా "అవునండి" అంటాడు. కాదంటే కొడతారని వాడి భయం.

వాళ్లది రోలుగుంట దారిలో చిన్న పల్లె. అక్కడ బండి ఆగిందంటే ఎవరిదని అడగరు. చూసినవాడు చూసినట్టే వచ్చి ఓ బరువు దింపి పోతాడు. దాసుకు బాగా వచ్చిన పని అదొక్కటే.

ఆ శుక్రవారం అక్క వెంట చోడవరం బజారుకు వచ్చాడు. ఆవిడ చింతపండు బేరంలో ఉంది. ఎదురుగా బెల్లం బండి ఆగింది.

దాసు వెళ్లి ఓ దిమ్మ భుజానికెత్తుకున్నాడు. ఎక్కడ దించాలో ఎవరూ చెప్పలేదు. తనకు తెలిసిన దారి ఇంటిదారే, అటే నడిచాడు.

బండివాడు కేకేశాడు. జనం పట్టుకున్నారు. పోలీసు జవాన్లు వచ్చారు.

"దొంగతనం సేసేవా?"

"అవునండి."

అప్పలనరసమ్మ ఠాణాకు పరిగెత్తుకొచ్చేసరికి తమ్ముడు ఊచల వెనుక ఉన్నాడు.

హెడ్డు కానిస్టేబులు గణపతిరావు చెడ్డవాడేం కాదు. "ఆడే ఒప్పుకున్నాడమ్మా, రాసేసేను. ఎస్సైగారు కేంపుకెళ్లేరు, ఆదివారం వస్తారు. ఆయన ముందు కూడా అవునండీ అన్నాడంటే ఇంక కోర్టే," అన్నాడు.

"జైల్లో ఆడు బతకడు బాబూ. నేను ముద్ద కలిపి పెడితే గాని తినడు."

మర్నాడు అన్నం మూట పట్టుకుని రెండు కోసులు నడిచి వచ్చింది. చూస్తే లోపల దాసు ఒక్కడే లేడు. నెరిసిన మీసాల మనిషి ఒకడు, మాసిన పంచెతో గోడకు చేరబడి ఉన్నాడు. దాసు అతని భుజం మీద తల పెట్టి నిద్రపోతున్నాడు.

ఆవిడ మూట కింద పెట్టి ఊచలు పట్టుకుంది. అమాయకుణ్ణి తీసుకెళ్లి దొంగ పక్కన పడేశారనుకుంది.

"ఒరే దాసూ, లెగు. ఇటు రా. ఆడి పక్కన కూకోకు."

"మంచోడక్కా," అన్నాడు దాసు కళ్లు నులుముకుంటూ.

"మంచోడైతే ఇక్కడేటి పని? ఏం బాబూ, నువ్వేటి కొట్టేసేవు?"

"నేనేటీ కొట్టేయలేదమ్మా."

"ఇక్కడికొచ్చినోళ్లందరూ అదే సెప్తారు. మావోడొక్కడే ఎర్రోడు, ఒప్పేసుకున్నాడు."

ఆ మనిషి మీసాల చాటున నవ్వుకున్నాడు.

దాసు తన ముద్ద అతనికి అందించబోతే ఆవిడ చేయి పట్టుకు ఆపింది. "దొంగలకి మన కూడు పెట్టకూడదు."

"నువ్వు తిను నాయినా," అన్నాడు అతను.

అప్పలనరసమ్మ కోపమంతా, ఆ బండిలో బెల్లం ఎవరిదో ఆ ఆసామి మీదకు మళ్లింది. "ఒక్క దిమ్మకి ఇంత సేస్తాడా? ఆడి బెల్లం పెనం పగిలిపోను. ఆడి పాకం మాడిపోను."

"తిట్టమ్మా. ఆడికి ఆ మాత్రం తగలాల," అన్నాడతను. తర్వాత గొంతు తగ్గించి, "ఓ మాట ఇను. రేపు ఆణ్ని ఏటడిగినా అవునండీ అంటాడు. నిన్నట్నించీ సూస్తన్నాను కదా. అడగనియ్యకు. బండాగితే బరువు దించాలంట, ఆడే సెప్పేడు. ఓ బండి తెచ్చి ఎదురుగా నిలబెట్టించు, సాలు," అన్నాడు.

దొంగ తెలివి అనుకుంది. అనుకుంది గాని, ఇంటికి వెళ్లేదాకా ఆ మాటే నెమరేసుకుంది.

ఆదివారం ఎస్సైగారు వచ్చారు. దాసును వరండాలో నిలబెట్టారు.

"బెల్లం దొంగిలించేవురా?"

"అవునండి."

అప్పలనరసమ్మ చేతులు జోడించింది. "ఈ ఠాణా కట్టింది నువ్వేనా అని కూడా అడగండి బాబూ."

ఎస్సై ఆవిడను ఎగాదిగా చూసి, అడిగాడు.

"అవునండి," అన్నాడు దాసు.

అప్పటికే ఆవిడ ఓ కట్టెల బండివాణ్ణి బతిమాలి ఠాణా ఎదుట ఆపించింది. దాసు చూపు అటు తిరిగింది. ఎవరూ పిలవలేదు, చెప్పలేదు. మెట్లు దిగి వెళ్లి ఓ మోపు నెత్తికెత్తుకున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. రోలుగుంట దారి పట్టాడు.

"ఆపండయ్యా, కట్టెలు కూడా ఇంటికి పట్టుకుపోతన్నాడు," అన్నాడు ఎస్సై. నవ్వు ఆపుకోలేక టోపీ తీసి బల్లమీద పెట్టాడు. కాగితం తెప్పించుకుని అడ్డంగా కొట్టేశాడు.

తమ్ముణ్ణి కౌగిలించుకుని ఏడ్చి, ముక్కు చీదుకున్నాక, అప్పలనరసమ్మకు లోపలి మనిషి గుర్తొచ్చాడు. ఆవిడకు సిగ్గేసింది. అన్నం మూట విప్పింది.

"హెడ్డుబాబూ, ఆ దొంగోడికి ఓ ముద్ద పెట్టనియ్యండి. ఆడు సెప్పిన మాటే మమ్మల్ని గట్టెక్కించింది."

"దొంగోడేటమ్మా?" అన్నాడు గణపతిరావు. "ఆయన మీద కేసే లేదు. మీవోడు గుక్కపట్టి ఏడుస్తంటే సూళ్లేక, ఎస్సైగారొచ్చేదాకా నేనూ లోపలే ఉంటానని ఆయనే ఎల్లి కూకున్నారు. నీకు సెప్తానంటే ఒద్దన్నారు. ఇప్పుడే కోటపాడు బండెక్కేరు."

ఆవిడ ముద్ద చేత్తో పట్టుకునే రోడ్డు మీదకు ఉరికింది. బండి కనపడలేదు, రేగిన దుమ్ము ఇంకా అణగలేదు.

వెనకే వచ్చిన హెడ్డు మిగతాది కూడా చెప్పాడు. ఆవిడ అక్కడే, రోడ్డు పక్కన కూర్చుని, భోరున ఏడ్చింది.

ఇది గుర్తుంచుకోండి నాయనా, మీ పిల్లలకు చెప్పండి. ఆయన పేరు హెడ్డు చెప్పే ఉంటాడు, ఆ ఏడుపులో ఆవిడ చెవికెక్కలేదు. పేరు లేదని మానేయకండి. కేసు వద్దని చెప్పడానికి వచ్చి, ఒప్పుకున్నట్టు రాశాక ఎవరు వద్దన్నా చెల్లదు, ఎస్సైగారే తేల్చాలంటే దాసు పక్కన రెండు రోజులు కూర్చున్న ఆ మనిషి, ఆవిడ నోరారా తిట్టిన ఆ బెల్లం ఆసామేనని చెప్పండి.